మూడువేళ్ల టాల్మేజ్ కార్డు

తెల్ల పికప్ ట్రక్కు మూడోసారి ఎదురైనప్పుడు రాయిస్ సెట్జర్‌కు అనుమానం తీరిపోయింది. ఎవరో తనకంటే ముందే వెళ్లి, తను వెతుకుతున్న కార్డునే ఎత్తుకుపోతున్నారు.

ఆ శనివారం పొద్దున మెయిడెన్ దారిలో ఒక ఇంటివాళ్లు పాత సామాన్లు అమ్మకానికి పెట్టారని తెలిసి, కాఫీ కూడా పూర్తిగా తాగకుండా బయల్దేరాడు. ఆ ఇంటి కోడలు, చనిపోయిన మామగారి వస్తువులన్నీ గడ్డి మీద దుప్పట్లు పరిచి సర్దింది. రేసు కార్డులేమైనా ఉన్నాయా అని అడిగితే తల ఊపింది.

"బ్రెడ్డు పొట్లాల్లో వచ్చేవేగా? ఉన్నాయి. ఇప్పుడే ఒక పెద్దావిడ వచ్చింది. అన్నీ తిరగేసి ఒక్కటే ఏరుకుంది. మిగతావి ఇవిగో."

మిగతావాటి వంక రాయిస్ చూడలేదు. ఏది పోయిందో అడగనక్కర్లేదు. అతను మలుపు తిరుగుతుండగా ఎదురొచ్చి దుమ్ము రేపుకుంటూ వెళ్లిన తెల్ల ట్రక్కులో అది వెళ్లిపోయింది.

వెనకటికి, అరవై ఎనిమిదిలో, మాబెల్ బ్రెడ్డు కంపెనీవాళ్లు ఒక్కో పొట్లంలో ఒక్కో కార్డు పెట్టేవారు. కార్డు మీద ఒక స్టాక్ కార్ రేసరు బొమ్మ, వెనక అతని ఊరూ పేరూ. అందరూ పెద్ద ట్రాకుల వీరులు కారు. చుట్టుపక్కల మట్టి ట్రాకుల మీద శనివారాలు రేసులాడి, సోమవారం మళ్లీ మిల్లులకూ కర్ర కోత కార్ఖానాలకూ వెళ్లేవాళ్లే. వరుస ముప్పై కార్డులతో అయిపోవాలి. ఇంతలో టాల్మేజ్ క్రౌస్ అనే అతను, అప్పటిదాకా ఒక్క రేసూ గెలవనివాడు, హార్ట్సెల్ ట్రాక్ మీద అందరినీ ఓడించాడు. ఊరంతా అదే మాట. కంపెనీవాళ్లు ఆ ఉత్సాహంలో ముప్పై ఒకటో కార్డు వేశారు. అది పొట్లాల్లోకి చేరిన కొద్దిరోజులకే పథకం ఆపేశారు. అందుకే ముప్పై ఒకటోది దొరకడం కష్టం. రాయిస్ ఆల్బమ్‌లో ముప్పై కార్డులూ తళతళలాడుతున్నాయి. ఆఖరి గడి మాత్రం ఇరవై ఆరేళ్లుగా ఖాళీ.

ఇన్నేళ్లూ ఆ కార్డు కోసం వెతికే పిచ్చివాడు జిల్లా మొత్తానికి తనొక్కడే అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు రెండో పిచ్చిది తేలింది. అదీ ఎక్కడికి వెళ్లాలో తనకంటే ముందే తెలిసిన పిచ్చిది.

ఎలా తెలుస్తోంది? అక్కడే అతని బుర్ర ఆగిపోయింది. ఫలానా చోట కార్డులున్నాయని తనకు తెలిసిన సంగతి ఇద్దరికే చెబుతాడు. ఒకడు గార్లాండ్, ఆదివారం సంతలో పాత కార్డుల బల్ల పెట్టేవాడు, చిన్నప్పటినుంచీ స్నేహితుడు. రెండో మనిషి కట్టుకున్న పెళ్లాం, వెల్మా.

సహజంగానే గార్లాండ్ మీదికి పోయింది అనుమానం.

"ఒరేయ్, నువ్వు నా కబుర్లు ఎవరికైనా అమ్ముతున్నావా?" అని సంతలో మొహం మీదే అడిగేశాడు.

గార్లాండ్ మెడలో వేలాడే భూతద్దం తీసి కంటికి పెట్టుకుని రాయిస్ మొహాన్ని కార్డు చూసినట్టు చూశాడు. "నీ కబుర్లు కొనేవాడెవడ్రా? ఊరికే ఇస్తానన్నా తీసుకోరు."

"నవ్వకు. మొన్న కోనోవర్, నిన్న మెయిడెన్. అంతకుముందు ఆ చర్చి పక్క ఇల్లు. మూడుసార్లు."

"అయితే నీకంటే పొద్దున్నే లేచే మనిషన్నమాట" అన్నాడు గార్లాండ్. నవ్వుతూనే అన్నాడు గానీ బల్ల మీద కార్డులు అనవసరంగా సర్దడం మొదలుపెట్టాడు. రాయిస్ అది కనిపెట్టాడు. అబద్ధమాడేవాడే చేతులకు పని కల్పించుకుంటాడని అతని నమ్మకం.

ఇంటికొచ్చి ఒక ఎత్తు వేశాడు. టేలర్స్‌విల్‌లో పశువుల దాణా కొట్టువాడి దగ్గర ముప్పై ఒకటోది ఉందట, శనివారం పొద్దున చూపిస్తాడట అని గార్లాండ్‌కు ఫోన్ చేసి చెప్పాడు. రాత్రి భోజనాల దగ్గర, మొక్కజొన్న రొట్టె చిక్కుళ్లలో ముంచుకుంటూ, క్లేర్మాంట్‌లో పాత మందుల షాపులో ఉందట, శనివారం మధ్యాహ్నం వెళ్లాలి అని వెల్మాకు చెప్పాడు. రెండూ కల్లలే. రెండు కొట్లలోనూ పాత కార్డు కాదు కదా, పాత కాలెండరు కూడా లేదు.

శనివారం పొద్దున దాణా కొట్టు ఎదురుగా కారాపి కూర్చున్నాడు. కొట్టుకు రైతులొచ్చారు, కోళ్లదాణా బస్తాలు మోసుకుపోయారు. తెల్ల ట్రక్కు జాడ లేదు. గార్లాండ్ తెలివైనవాడు, పసిగట్టి ఉంటాడు అనుకున్నాడు. మధ్యాహ్నం, ఎందుకైనా మంచిదని, ఏమీ జరగదన్న ధీమాతోనే క్లేర్మాంట్ వెళ్లి మందుల షాపు అవతల బ్యాంకు నీడలో ఆగాడు.

తెల్ల ట్రక్కు వచ్చి సరిగ్గా షాపు గుమ్మం ముందు నిలబడింది.

 ట్రక్కులోంచి పొడుగాటి ముసలావిడ దిగింది. నెరిసిన జుట్టు రుమాలుతో కట్టుకుంది, నడక మాత్రం నిటారుగా ఉంది. లోపలికి వెళ్లి కాసేపటికి ఒట్టి చేతులతో బయటికొచ్చింది. గుమ్మంలో నిలబడి వీధి ఈ చివరినుంచి ఆ చివరికి నెమ్మదిగా చూసింది. రాయిస్ సీట్లో కిందికి జారాడు, మోకాళ్లు స్టీరింగుకు తగిలేదాకా.

వెల్మా. ముప్పై ఏళ్ల కాపురం. తన పక్కన పడుకుని, తన నోట విన్న మాట పట్టుకెళ్లి బయటివాళ్లకు చేరవేస్తోంది.

ఆవిడ బయల్దేరగానే వెంటపడ్డాడు. వెంటపడ్డాడన్న మాటే గానీ, నది పక్క రోడ్డు ఎక్కేసరికి ఆవిడ అందలేదు. ఆ రోడ్డుకు పాములా మెలికలు. రాయిస్ ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కుతున్నాడు. ముందున్న ట్రక్కు వెనక దీపాలు మాత్రం ఒక్కసారీ వెలగలేదు. మలుపు మలుపుకూ చిన్నదైపోతూ చివరికి మాయమైంది. చిర్రెత్తి, ఆ చుట్టుపక్కల ప్రతి సందూ తిరిగాడు. చిట్టచివరికి ఒక ఓక్ చెట్టు కింద, పాత రేకుల గ్యారేజీ పక్కన ట్రక్కు కనబడింది. గేటు దగ్గర ఉత్తరాల పెట్టె మీద రంగు వెలిసిన అక్షరాలు: క్రౌస్.

టాల్మేజ్ క్రౌస్ ఇల్లు. ఆవిడ అతని పెళ్లామన్నమాట.

రాయిస్ కారు తిప్పుకుని ఇంటికొస్తూ లెక్క కట్టేశాడు. అక్టోబరులో జిల్లా రేసు వీరుల హాలులో గోడ మీద టాల్మేజ్ పేరు పలక ఎక్కించబోతున్నారని పేపర్లో పడింది. పేరెక్కితే అతని కార్డుకు గిరాకీ లేస్తుంది. మొగుడి కార్డులన్నీ ఇప్పుడే చవగ్గా ఏరి దాచుకుంటే, అప్పుడు అడిగినంత రేటుకు వదలొచ్చు. ఎంత పన్నాగం! ఇందులో వెల్మాకు వాటా ఎంత?

ఆ వారమంతా ఇంట్లో అవసరమైనంత మేరకే మాట్లాడాడు.

"ఏంటయ్యా, నోట్లో పంది కార్జం లివర్‌మష్ ముక్క పెట్టుకుని అంతసేపు నములుతున్నావ్? మాడిందా?" అంది వెల్మా ఒక పొద్దున.

"ఏం లేదు."

"ఏం లేకపోతే నన్ను పోలీసు చూసినట్టు చూస్తావేం?"

"దాచుకునేదేమీ లేకపోతే పోలీసు చూస్తే ఏంటి?"

వెల్మా పెనం దించి అతని వంక ఒక్క క్షణం చూసింది. ఏదో అనబోయి మానేసింది. ఆ మానేయడం రాయిస్ కళ్లలో ముల్లులా దిగింది.

దేవుడు విచిత్రంగా ఇస్తాడు. ఆ గురువారం తను పనిచేసే కార్ఖానా సోఫాలు దించడానికి లెనాయర్ వెళ్లి, పని ముగిశాక జుట్టు బాగా పెరిగిందని ఒక పాత మంగలి షాపులో కూర్చున్నాడు. మంగలి మెడకు గుడ్డ కట్టి కుర్చీ తిప్పాడు. ఎదురుగా అద్దం. అద్దం చట్రంలో, మూలన, ఎవరో మనవరాలి ఫొటోకీ చేపలు పట్టే లైసెన్సుకీ మధ్య, ముప్పై ఒకటో కార్డు.

రాయిస్ కదిలాడు. కత్తెర చెవిని రాసుకుంది.

"కదలకయ్యా బాబూ, చెవి తెగితే నా పూచీ లేదు" అన్నాడు మంగలి.

"అది... ఆ మూల కార్డు..."

"ఏదీ, టాల్మేజ్‌దా? ఎప్పట్నుంచో ఉంది. దుమ్ము దులపడం తప్ప దానితో నాకేం పని? నీకు కావాలా?"

కావాలా అని ఇంత తేలిగ్గా అడుగుతారని రాయిస్ కలలో కూడా అనుకోలేదు. ఉత్తినే తీసుకోవడానికి మనసొప్పక, మార్పిడికని జేబులో ఉంచుకునే ఇంకో రేసరు కార్డు దానికి బదులుగా ఇచ్చాడు. మంగలి దాన్ని అదే మూలన గుచ్చి పని చేసుకుంటూ పోయాడు.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో గ్యారేజీ తలుపు లోపల గడియ వేసుకుని, దీపం కింద భూతద్దం పెట్టి చూశాడు. రేసు అయిన వెంటనే తీసిన ఫొటో అది. కారు కిటికీలోంచి రేసరు కనబడుతున్నాడు. తల మీద హెల్మెట్, కళ్లకు అద్దాలు, మొహం నిండా బురద. ఎడమ చెయ్యి కారు తలుపు మీద ఆనించి ఉంది.

చెయ్యి చూసి భూతద్దం దించాడు. మళ్లీ ఎత్తాడు.

వేళ్లు ఐదున్నాయి.

టాల్మేజ్‌కు పదహారేళ్లప్పుడు కర్రల కార్ఖానాలో రంపం కింద ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. జిల్లాలో ఆ సంగతి తెలియనివాడు లేడు. మూడువేళ్ల టాల్మేజ్ అనే పిలిచేవారు. మూడు వేళ్లతో స్టీరింగు తిప్పి గెలిచాడనే ఆ గెలుపు మీద అంత మోజు. మరి ఈ బొమ్మలో ఐదు వేళ్లేంటి?

నకిలీ అన్నది మొదటి ఆలోచన. ఆ ముసలావిడ దొంగ కార్డులు అచ్చు వేయించి ఊళ్ల మీదికి వదులుతోంది! కానీ వెంటనే ఆలోచన కూలిపోయింది. వదిలేదైతే ఏరుకోవడం దేనికి? మిగతా ముప్పై కార్డులూ పక్కన పెట్టి చూశాడు. అదే అట్ట, అదే సిరా, వెనక అదే వంకర గీత. ముక్కుకు దగ్గర పెట్టుకుంటే మంగలి పౌడరు వాసన వేసింది. నకిలీ చేయాలనుకున్నవాడు ఐదు వేళ్లు పెట్టేంత మూర్ఖుడవుతాడా?

కార్డు అసలుదే. అయితే మనిషి నకిలీ.

ఆదివారం చర్చి అయ్యాక వెల్మా, ఒంట్లో బాగోలేని స్నేహితురాలిని చూసొస్తానని తన కారులో వెళ్లింది. రాయిస్ కార్డును ప్లాస్టిక్ తొడుగులో పెట్టి చొక్కా జేబులో వేసుకుని, గుండీ బిగించి, తిన్నగా క్రౌస్ ఇంటికి వెళ్లాడు. ఓక్ చెట్టు కింద తెల్ల ట్రక్కు. దాని పక్కనే వెల్మా కారు.

తలుపు కొట్టలేదు. వంటింటి జాలీ తలుపు తోసి లోపలికెళ్లాడు. బల్ల దగ్గర వెల్మా, ఆ పొడుగాటి ముసలావిడ ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఒంట్లో బాగోలేనిదెవరికి?" అన్నాడు రాయిస్.

వెల్మా చేతిలో కాయ జారిపోయింది. ముసలావిడ మాత్రం ఒలుస్తున్నది ఆపలేదు.

"నువ్వే కదూ, క్లేర్మాంట్‌లో బ్యాంకు పక్కన కారులో నక్కింది?" అందావిడ. "కూర్చో."

"కూర్చోను. అమ్మా, మీరు పెద్దవారు, మర్యాదగా అడుగుతున్నా. నా పెళ్లాంతో కలిసి మీరు ఆడుతున్న నాటకమేంటి?"

"ఇందులో నీ పెళ్లాం తప్పేమీ లేదు. మేమిద్దరం మేజోళ్ల మిల్లులో పక్కపక్క మిషన్ల మీద పన్నెండేళ్లు చేశాం. సాయమడిగాను, చేసింది."

"ఇది నువ్వు విన్నావంటే ఆదివారం సంత మొత్తం వింటుంది" అంది వెల్మా, ఒడిలో కాయలు చూస్తూ. "అందుకే చెప్పలేదు. కోపం తెచ్చుకో, తిట్టు, కానీ అది నిజమో కాదో నువ్వే చెప్పు."

రాయిస్ గుండీ విప్పి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు, చిక్కుడు తొక్కల మధ్య. ముసలావిడ ఒలవడం మానేసింది.

"ఈ చెయ్యి ఎవరిది?" అన్నాడు.

ముసలావిడ పేరు ఐవా. ఆమె చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఎడమచేతిని బల్ల మీద, కార్డు పక్కన చాచి పెట్టింది. పొడుగాటి వేళ్లు, బొటనవేలి మొదట్లో చిన్న గాయపు మచ్చ. రాయిస్ భూతద్దం అడగలేదు. మచ్చ బొమ్మలో కూడా ఉంది.

"అంతకుముందు వారమే మా స్నేహితుడొకడు ఇంకో ట్రాకు మీద కారులోనే కాలిపోయాడు" అంది ఐవా. గొంతు తగ్గించి, వెనక గది తలుపు వైపు చూస్తూ చెప్పింది. "అతన్ని బయటికి లాగింది టాల్మేజే. ఆ శనివారం హార్ట్సెల్‌లో ట్రక్కు వెనక కూర్చున్నవాడు లేవలేకపోయాడు.  రేసు కారు ఎక్కకపోతే పిరికివాడంటారు, ఆ మాట పడి ఈ ఊళ్లో బతకలేడు. ఆ కారు బాగుచేసిన ప్రతిసారీ పొలాల్లో తిప్పి చూసేది నేనే. అతని బట్టలు తొడుక్కుని ఎక్కాను."

"ఆ రోజుల్లో ఆడవాళ్లను కార్ల దగ్గరికే రానిచ్చేవారు కాదు."

"రానివ్వరు. హెల్మెట్ తీస్తే గదా తెలిసేది. ఆపగానే ఆ బ్రెడ్డు కంపెనీవాడు ఫొటో కొట్టాడు. తర్వాత ట్రక్కు వెనక బట్టలు మార్చుకున్నాం. కప్పు అతను అందుకున్నాడు."

రాయిస్‌కు ఇంకా నమ్మబుద్ధి కాలేదు. ఆ రేసు రోజు అతను జనంలో ఉన్నాడు. ఆఖరి చుట్టులో టాల్మేజ్ కారు ఉన్నట్టుండి ట్రాకు లోపలి అంచుకు దిగి, రెండు కార్ల మధ్య సందులోంచి దూసుకుపోయిన వైనం సంతలో ఎన్నిసార్లు చెప్పాడో! గుండె ధైర్యమంటే అదీ అని.

"ఆఖరి చుట్టులో ఆ సందులోకి ఎందుకు దిగారు?" అన్నాడు. తెలిసి అబద్ధమాడేవాళ్లు ఇక్కడ తప్పక గొప్పలు పోతారు.

ఐవా మొహం ముడుచుకుంది. "దిగాలని దిగలేదు. అద్దాల మీద బురద కొట్టింది, ఏమీ కనబడలేదు. బ్రేకు తొక్కుదామనుకున్నా. అతని ప్యాంటు నాకు పొడుగు, కాలికి చుట్టుకుని పాదం పక్కనున్న యాక్సిలరేటర్ మీద పడింది. కారు ఎగిరింది. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గెలుపు జెండా ఊపుతున్నారు."

వెల్మాకు నవ్వాగలేదు. ఈ ముక్క ఆమె కూడా వినలేదు కాబోలు. రాయిస్ ఎట్టకేలకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇలాంటి అబద్ధం ఎవరూ అల్లరు.

"ఇన్నాళ్లూ ఈ కార్డు ఎవరూ సరిగా చూడలేదు" అంది ఐవా. "ఇప్పుడు హాలువాళ్లు పాత బొమ్మలు తెమ్మని పేపర్లో వేశారు. ఎవడో ఒకడు భూతద్దం పెట్టి చూస్తాడు. అతని ఊపిరితిత్తులు మిల్లు దూదికి పోయాయి, ఇంకెంతకాలమో తెలీదు. బతికినంతకాలం ఆ ఒక్క గెలుపైనా అతనికుండనీ అని..."

వెనక గది తలుపు తెరుచుకుంది. టాల్మేజ్ ముక్కుకు గొట్టంతో, చిన్న ఆక్సిజన్ బండి లాక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎన్ని పోగేశావే?" అన్నాడు.

ఐవా మళ్లీ ఒక చిక్కుడుకాయ చేతికి తీసుకుంది.

"పిండి డబ్బా వెనక పెట్టావు గదా. మొన్నే చూశా. నా మొహం తిన్నగా చూసి అడిగి ఉంటే, ఆ హాలూ వద్దు, ఆ పలకా వద్దు అనేవాణ్ణి."

"అందుకే అడగలేదు. వెళ్లి కూర్చో, ఆయాసం వస్తుంది."

రాయిస్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. తన ఆల్బమ్‌లోనే ఉంటుందని, సంతకు తీసుకెళ్లనని, గార్లాండ్‌తో సహా ఎవరికీ చూపించనని మాటిచ్చాడు.

"నమ్మమంటావా?" అంది ఐవా. ఇందాకటిదాకా అనుమానం రాయిస్ దగ్గరుండేది. ఇప్పుడు ఆవిడ కళ్లలోకి మారింది. ఇవ్వమని మాత్రం అడగలేదు.

ఆ నెలంతా ఐవా ఏదో వంకతో ఫోన్ చేస్తూనే ఉంది. చిక్కుళ్లు ఉడికాయా అని, వాన పడిందా అని. చివర్లో ఎప్పుడూ ఒకే ప్రశ్న: "రాయిస్ ఇంట్లోనే ఉన్నాడా?" సంతలో గార్లాండ్ నిష్ఠూరం వేరు. అతన్ని ఉత్తి పుణ్యానికి అనుమానించినందుకు రాయిస్ రెండుసార్లు సారీ చెప్పాడు; కారణం చెప్పలేకపోవడంతో గార్లాండ్ అనుమానం ఇటు మళ్లింది. "ఏదో దొరికింది నీకు. మొహం చూస్తే తెలుస్తోంది" అనేవాడు.

అక్టోబరులో ఆ శనివారం మధ్యాహ్నం తిరునాళ్ల మైదానం హాలు నిండిపోయింది. బయట పంది మాంసం పొగ, లోపల పాత రేసర్లు, వాళ్ల కొడుకులు, కూతుళ్లు. రాయిస్ కార్డును ఇంట్లో వదిలి రాలేదు. వెల్మా కూడా వస్తోంది, ఇల్లు ఖాళీ, ఐవా దగ్గర ట్రక్కుంది, ఎవరికి తెలుసు?

టాల్మేజ్ పేరు పిలిచి పలక చేతికివ్వబోయారు. అతను తీసుకోలేదు. మైకు లాక్కుని, ఊపిరి తీసుకోవడానికి మాటమాటకూ ఆగుతూ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ రోజు తనకు కాళ్లాడలేదని, కారు నడిపింది ఐవా అని.

 ఆపైన హాలంతా నవ్వు. ఎగతాళి నవ్వు కాదు, ముద్దుచేసే నవ్వు. అంతకంటే ఘోరం.

"పెళ్లాన్ని ఎంత మురిపిస్తున్నాడో చూడండి!" అన్నాడు సభ నడిపే కమిటీ పెద్ద. "ఇంటికెళ్లాక అన్నం పెట్టాలిగా మరి!"

"నిజం చెబుతున్నా" అన్నాడు టాల్మేజ్. ఆయాసంతో అది సరిగా వినబడలేదు. ఇంకా నవ్వారు. ముందు వరసలో ఎవరో, పాపం ముసలాయనకు మతి తప్పుతోంది అని పక్కవాళ్లతో అన్నారు.

రాయిస్ ఐవా వంక చూశాడు. నెల్లాళ్లుగా తనను కనిపెట్టుకుని ఉన్న ఆ కళ్లు ఇప్పుడు తన మీద లేవు. నవ్వుల మధ్య మైకు పట్టుకుని నిలబడ్డ మనిషి మీద ఉన్నాయి. తర్వాత ఆమె మెడ తిప్పి రాయిస్‌ను చూసి, గడ్డంతో వేదిక వైపు చూపింది. ఇచ్చెయ్.

రాయిస్ లేచి వెళ్లి కార్డు కమిటీ పెద్ద చేతిలో పెట్టాడు. "చెయ్యి చూడండి. వేళ్లు లెక్కపెట్టండి."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. నవ్వు మొహం నెమ్మదిగా మారింది. టాల్మేజ్ తన ఎడమచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. కార్డు ఆ చేతినుంచి ఈ చేతికి వరసల్లోకి దిగింది. వెళ్లినచోటల్లా జనం వేళ్లు లెక్కపెట్టారు. ఆ రోజు రెండో స్థానంలో వచ్చిన పాత రేసరు దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఐవా, నన్ను దాటింది నువ్వా?" అన్నాడు.

"నేనే."

"ఇరవై ఆరేళ్లుగా వీడి మీద కడుపుమంటతో చస్తున్నాను గదే! తప్పు మనిషి మీద పెట్టుకున్నానన్నమాట."

అప్పుడు మళ్లీ నవ్వారు. ఈ నవ్వు వేరు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఐవా లేచి నిలబడలేదు, ఎర్రబడిన మొహంతో రుమాలు మడతలు పెడుతూ కూర్చుంది. టాల్మేజ్ మీద కోపం ఆమెకు వారం దాకా తగ్గలేదని తర్వాత వెల్మా చెప్పింది. పలక విషయం తేల్చలేక కమిటీవాళ్లు బల్ల మీదే వదిలేశారు. చలికాలం వెళ్లాక ఇద్దరి పేర్లతో ఇంకొకటి చేయించారు. అది గోడకెక్కిన రోజున టాల్మేజ్ ఇంకా ఉన్నాడు.

కానీ ఆ మధ్యాహ్నం, చప్పట్లు ఆగాక, రాయిస్ కార్డు కోసం చెయ్యి చాస్తే ఎవరి దగ్గరా లేదు. ఆఖరి వరసదాకా వెళ్లింది, అక్కణ్ణించి వెనక్కి రాలేదు. కుర్చీల కింద పాకుతూ వెతికాడు. తలుపు దగ్గర నిలబడి వెళ్లేవాళ్లందరినీ పైనుంచి కిందిదాకా చూశాడు. ఆఖరి వరసలో ఉన్నవాళ్లలో గార్లాండ్ ఒకడు.

"జేబు చూపించు."

"ఒరేయ్ రాయిస్..."

"చూపించు."

గార్లాండ్ జేబులన్నీ తిరగేసి చూపించాడు. పొగాకు డబ్బా, తాళాలు, రుమాలు. అన్నీ మళ్లీ జేబుల్లో కుక్కుకుని వెళ్లిపోయాడు. కార్డు ఎవరు కొట్టేశారో ఈనాటికీ తేలలేదు. రాయిస్‌కు ఒక్కో నెల ఒక్కొక్కరి మీద అనుమానం.

నవంబరులో ఒకరోజు తెల్ల ట్రక్కు వాళ్ల వాకిట్లోకే వచ్చింది. ఐవా దిగి, ఒక కార్డు తెచ్చి రాయిస్ చేతిలో పెట్టింది. రాయిస్ మొదట చేసిన పని దాని మూలలు చూడటం. తన కార్డు మూలలు పదునుగా ఉండేవి. దీని మూల ఒకటి మడత పడి ఉంది. అది కాదు.

"నీదే తిరిగి తెచ్చానేమోననా?" అంది ఐవా.

"లేదమ్మా, ఊరికే..."

"చూసుకో, చూసుకో. నేనైనా అదే చేసేదాన్ని."

రాయిస్ తటపటాయించి లోపలికెళ్లి పెన్ను తెచ్చి, సంతకం పెట్టమన్నాడు. కార్డు మీద సిరా పడనివ్వడం అతని జన్మలో ఎరగడు. ఐవా పెన్ను పట్టుకుని బొమ్మ వంక చూస్తూ ఉండిపోయింది.

"ఎవరి పేరు రాయను?"

"నడిపిందెవరు?" అంది వెల్మా గుమ్మంలోంచి.

ఐవా కార్డును ట్రక్కు ముందు భాగం మీద ఆనించి, బొమ్మ కింద అచ్చయి ఉన్న మొగుడి పేరు చెరగకుండా, దాని పైన జాగ్రత్తగా తన పేరు రాసింది. సిరా ఆరేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.

గార్లాండ్‌తో మాటలు కలవడానికి క్రిస్మస్ దాకా పట్టింది. రాయిస్ ఆల్బమ్ పట్టుకుని అతని బల్ల దగ్గరికెళ్లి ఆఖరి పేజీ తెరిచాడు. గార్లాండ్ భూతద్దం తీసి, ఆ సంతకాన్ని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూశాడు.

"సంతకం అసలుదేనని గ్యారంటీ ఏంటి?"

"నా కళ్లముందు పెట్టిందిరా."

"అమ్ముకునే ప్రతివాడూ అదే అంటాడు" అన్నాడు గార్లాండ్, పక్క కుర్చీ మీదున్న అట్టపెట్టె తీసి అతనికి చోటిస్తూ.